రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నిరోధకాలు

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నిరోధకాలు వైరస్ వ్యాధులకు వాడే మందుల్లో ఒక ప్రధాన వర్గం. ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏను తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌ను ఇవి అడ్డుకుంటాయి. 1987లో అమెరికాలో అనుమతి పొందిన జిడోవుడిన్ వీటిలో మొదటిది. హెచ్‌ఐవీకి అనుమతి పొందిన తొలి మందు కూడా అదే. టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫవిరెంజ్, నెవిరాపిన్, అబకవిర్, ఎంటెకవిర్ ఈ వర్గంలో బాగా వాడుకలోకి వచ్చిన పేర్లు. హెచ్‌ఐవీ చికిత్స, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చూడడం, సోకే ప్రమాదం ఉన్నవారికి ముందుజాగ్రత్తగా ఇవ్వడం, దీర్ఘకాలిక హెపటైటిస్ బి చికిత్స వీటి ముఖ్య ప్రయోజనాలు. మరికొన్ని జబ్బుల్లో వీటి ఉపయోగంపై పరిశోధన జరుగుతోంది.

ఈ మందులు వైరస్‌ను చంపవు. అది తన జన్యు సమాచారాన్ని కొత్తగా రాసుకోకుండా ఆపుతాయి. కణంలో అప్పటికే రాసి ఉన్నదాన్ని చెరపడం వీటి వల్ల కాదు. చికిత్స జీవితాంతం ఎందుకు సాగాలో, అదే మాత్రలు సోకకముందు వేసుకుంటే అంత గట్టిగా ఎందుకు కాపాడతాయో, ఒక పూట మానేస్తే ఏం ముప్పో ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఎంజైమ్ ఆవిష్కరణ

కణంలో సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకు, అక్కడి నుంచి ప్రొటీన్‌కు వెళుతుందన్నది 1950ల చివరి నుంచి జీవశాస్త్రంలో నాటుకుపోయిన అవగాహన. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏను రాయడాన్ని అనులేఖనం అంటారు. కోళ్లలో కణితులు పుట్టించే రౌస్ సార్కోమా వైరస్‌పై పనిచేస్తున్న హోవార్డ్ టెమిన్‌కు ఈ దారి ఒకవైపే సాగుతుందన్న మాట సరిపడలేదు. ఆ వైరస్‌లో ఉన్నది ఆర్‌ఎన్‌ఏ. అయినా అది సోకిన కణం, దాని సంతతి కణాలు తరతరాలుగా మారిన లక్షణాలతోనే ఉంటున్నాయి. వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఏదో ఒక దశలో డీఎన్‌ఏగా మారి కణం జన్యువుల్లో స్థిరపడుతూ ఉండాలని టెమిన్ 1960ల్లోనే వాదించాడు. చాలామంది ఆ మాటను పట్టించుకోలేదు.

1970లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో టెమిన్, సతోషి మిజుతానీ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా ఆ ఎంజైమ్‌ను పట్టుకున్నారు. రెండు వ్యాసాలూ ఆ ఏడాది జూన్‌లో నేచర్ పత్రికలో పక్కపక్కనే వెలువడ్డాయి. ఎదురు దిశలో రాస్తుంది కాబట్టి ఆ ఎంజైమ్‌కు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అన్న పేరు, దాన్ని మోసుకుతిరిగే వైరస్‌లకు రెట్రోవైరస్‌లు అన్న పేరు స్థిరపడ్డాయి. 1975లో టెమిన్, బాల్టిమోర్, రెనాటో డుల్బెకోలకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

హెచ్‌ఐవీని గుర్తించడానికి తోడ్పడిందీ ఈ ఎంజైమే. 1983 ఆరంభంలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు ఒక రోగి మెడ దగ్గరి లింఫ్ గ్రంథి ముక్క వచ్చింది. ఆ కణాలను పెంచి, ఫ్రాన్స్వాజ్ బారే సినూసీ బృందం వాటిలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చురుకుదనం ఉందా అని రోజుల తరబడి కొలుస్తూ వచ్చింది. కొలత పెరగడం మొదలవగానే లోపల రెట్రోవైరస్ ఉందని తేలింది. ఈ కృషికి బారే సినూసీ, లూక్ మోంటాన్యేలకు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ ఉనికిని బయటపెట్టిన ఎంజైమే నాలుగేళ్లు తిరిగేసరికి మొదటి మందుకు గురి అయింది.

పనిచేసే తీరు

హెచ్‌ఐవీ జన్యు పదార్థం సుమారు 9,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. వైరస్ సీడీ4 రకం తెల్ల రక్తకణంలోకి దిగగానే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఆ ఆర్‌ఎన్‌ఏను చదువుతూ డీఎన్‌ఏ పోగును అల్లుతుంది. తర్వాత ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైమ్ ఆ డీఎన్‌ఏను కణం సొంత డీఎన్‌ఏలో అతికిస్తుంది. అతుకు పడ్డాక వైరస్ ఆ కణం జన్యువుల్లో భాగమైపోతుంది. ఈ మందులు అడ్డుపడేది అతుకుకు ముందు, అల్లిక దశలో.

డీఎన్‌ఏ అల్లికను గొలుసు చేయడంతో పోల్చవచ్చు. ప్రతి కడియానికీ ఒక వైపు కొక్కెం ఉంటుంది. తర్వాతి కడియం దానికే తగులుకుంటుంది. డీఎన్‌ఏ అక్షరాల్లో ఆ కొక్కెం చక్కెర అణువు 3వ స్థానంలోని హైడ్రాక్సిల్ సమూహం. జిడోవుడిన్ అచ్చం థైమిడిన్‌లా ఉంటుంది. తేడా ఆ ఒక్కచోటే: హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట మూడు నైట్రోజన్ పరమాణువుల అజైడో సమూహం ఉంటుంది. ఎంజైమ్ దాన్ని అసలు కడియమే అనుకుని గొలుసుకు తగిలిస్తుంది. తర్వాతి కడియానికి కొక్కెం దొరకదు, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇలాంటి మందులను గొలుసు ముగించేవి అంటారు.

మింగిన రూపంలో జిడోవుడిన్‌కు ఈ శక్తి లేదు. కణంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములు దానికి ఒకదాని వెంట ఒకటిగా మూడు ఫాస్ఫేట్లు తగిలించాలి. అప్పుడే అది పనికొచ్చే మందు అవుతుంది. టెనోఫోవిర్‌కు మొదటి ఫాస్ఫేట్‌ను పోలిన భాగం అణువులోనే ఉంటుంది కనుక రెండు తగిలిస్తే చాలు. ఆ భాగం వల్లే అది పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. అందుకని డైసోప్రాక్సిల్ అనే తొడుగుతో మాత్రగా ఇస్తారు. ఒంట్లోకి చేరాక ఆ తొడుగు ఊడిపోతుంది.

రెండో రకం మందులు నకిలీ కడియాలుగా పనిచేయవు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ రెండు ప్రొటీన్ ముక్కల జంట. రాత జరిగే చోటుకు కాస్త పక్కన చిన్న గుంత ఏర్పడగలదు. నెవిరాపిన్, ఎఫవిరెంజ్ వంటివి ఆ గుంతలో ఇరుక్కుంటాయి. దాంతో ఎంజైమ్ ఆకారం బిగుసుకుపోయి కదలిక ఆగుతుంది. తలుపు సందులో రాయి పెట్టినట్టు ఉంటుంది ఈ పని. వీటికి ఫాస్ఫేట్ల అవసరం లేదు. మింగిన రూపంలోనే పనిచేస్తాయి. ఆ గుంత హెచ్‌ఐవీ 1 ఎంజైమ్‌కే ప్రత్యేకం. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఐవీ 2 మీద, హెపటైటిస్ బి వైరస్ మీద ఈ రకం మందులు పనిచేయవు.

వర్గాలు

న్యూక్లియోసైడ్ రకం (పైన చెప్పిన నకిలీ కడియాలు): జిడోవుడిన్ (1987), డైడానోసిన్ (1991), జాల్సిటాబిన్ (1992), స్టావుడిన్ (1994), లామివుడిన్ (1995), అబకవిర్ (1998), ఎమ్‌ట్రిసిటాబిన్ (2003). బ్రాకెట్లలోనివి అమెరికాలో హెచ్‌ఐవీకి అనుమతి వచ్చిన సంవత్సరాలు. జాల్సిటాబిన్, డైడానోసిన్, స్టావుడిన్ దుష్ప్రభావాల కారణంగా వాడుకలోంచి దాదాపు తప్పుకున్నాయి.

న్యూక్లియోటైడ్ రకం (మొదటి ఫాస్ఫేట్‌ను పోలిన భాగం ఉన్న నకిలీ కడియాలు): టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ (2001), దానికి తక్కువ మోతాదు రూపమైన టెనోఫోవిర్ అలాఫెనమైడ్ (2015). మొదటిది 300 మిల్లీగ్రాములు ఇస్తే, రెండోది మామూలుగా 25 మిల్లీగ్రాములే సరిపోతుంది. ఈ కుటుంబపు అణువులకు మూలం చెక్ రసాయనవేత్త ఆంటోనిన్ హోలీ, బెల్జియం వైరాలజిస్టు ఎరిక్ డి క్లెర్క్ కలిసి చేసిన పరిశోధన.

న్యూక్లియోసైడ్ కాని రకం (గుంతలో ఇరుక్కునేవి): నెవిరాపిన్ (1996), డెలావిర్డిన్ (1997), ఎఫవిరెంజ్ (1998), ఎట్రావిరిన్ (2008), రిల్పివిరిన్ (2011), డోరావిరిన్ (2018).

కొత్తగా పరిశోధనలో ఉన్న ఇస్లాట్రావిర్ నకిలీ కడియమే అయినా దానికి కొక్కెం ఉంటుంది. గొలుసుకు చేరాక ఎంజైమ్‌ను ముందుకు జరగనివ్వదు. చాలా కాలం కణంలో నిలిచి ఉండడం దీని ప్రత్యేకత.

చరిత్ర: పారేసిన అణువు నుంచి తొలి మందు దాకా

జిడోవుడిన్‌ను ఏజెడ్‌టీ అన్న పొట్టి పేరుతో ఎక్కువమంది ఎరుగుదురు. 1964లో డెట్రాయిట్‌లోని మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో జెరోమ్ హోర్విట్జ్ దాన్ని క్యాన్సర్ మందుగా తయారుచేశాడు. క్యాన్సర్ కణాలను నకిలీ అక్షరంతో ఆపాలన్నది ఆయన ఆలోచన. ఎలుకల్లో పనిచేయలేదు. ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు, పేటెంట్ కూడా తీసుకోలేదు. 1974లో జర్మనీలో వోల్ఫ్రామ్ ఓస్టర్‌టాగ్ ఎలుకల రెట్రోవైరస్ ఒకదాన్ని ఈ అణువు ఆపుతుందని చూపాడు. మనుషుల్లో జబ్బు చేసే రెట్రోవైరస్ ఏదీ అప్పటికి తెలియదు కాబట్టి ఆ కబురు అక్కడే ఆగిపోయింది.

1980ల మధ్యలో ఎయిడ్స్ విజృంభించినప్పుడు బరోస్ వెల్‌కమ్ కంపెనీ తన దగ్గరున్న అణువులను పరీక్షకు పెట్టింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో హిరోఆకీ మిత్సుయా, శామ్యూల్ బ్రోడర్ వాటిని జీవించి ఉన్న హెచ్‌ఐవీ మీదే ప్రయోగించారు. ఏజెడ్‌టీ పనిచేసింది. 1985 జులైలో మొదటి రోగికి ఇచ్చారు. తర్వాత 282 మందితో జరిగిన ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 మంది, మందు తీసుకున్నవారిలో ఒక్కరు చనిపోయారు. ప్రయోగాన్ని మధ్యలో ఆపి అందరికీ మందు ఇచ్చారు. 1987 మార్చిలో అనుమతి వచ్చింది. అప్పట్లో నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ మింగవలసి వచ్చేది. ఏడాది ఖర్చు 8,000 డాలర్ల పైమాటే.

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక్క మందుతో వచ్చిన మేలు నెలల్లో తగ్గిపోయేది. లక్షణాలు లేని దశలోనే ఏజెడ్‌టీ ఒక్కటే మొదలుపెట్టడం వల్ల బతుకు పొడిగింపు లేదని 1993లో ఐరోపాలో జరిగిన కాంకార్డ్ ప్రయోగం తేల్చింది. రెండు మందులు కలిపితే మేలని 1995 నాటికి రుజువైంది. ప్రొటీజ్ అనే మరో వైరస్ ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు వచ్చాక, 1996లో వాంకూవర్ అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు నాటికి, మూడు మందుల కలయిక ప్రమాణంగా స్థిరపడింది. అప్పటి నుంచి సంపన్న దేశాల్లో ఎయిడ్స్ మరణాలు వేగంగా పడిపోయాయి. 2006లో మూడు మందులనూ కలిపిన రోజుకొక్క మాత్ర అట్రిప్లా వచ్చింది. అందులోని ఎఫవిరెంజ్, ఎమ్‌ట్రిసిటాబిన్, టెనోఫోవిర్ మూడూ ఈ వర్గం మందులే.

మందుకు లొంగకపోవడం

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ రాసినదాన్ని తిరిగి చదివి దిద్దుకోదు. సుమారు 30,000 అక్షరాలకు ఒకటి తప్పు రాస్తుంది. జన్యుపదార్థం 9,700 అక్షరాలు కాబట్టి సగటున మూడు ప్రతుల్లో ఒకదానిలో తప్పు దొర్లుతుంది. చికిత్స లేని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా వైరస్ రేణువులు పుడతాయని అంచనా. అంటే ఒక్క అక్షరం తేడాతో ఏర్పడగల రకాలన్నీ ఏ రోజుకారోజు పుడుతూనే ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి మందుకు లొంగకపోతే, మందు ఉన్నచోట బతికి బట్టకట్టేది అదే. మూడు మందులకూ ఒకేసారి లొంగని రకం పుట్టాలంటే ఎన్నో తప్పులు ఒకే ప్రతిలో కలిసిరావాలి. మూడు మందుల వెనుక ఉన్న లెక్క ఇదే.

నెవిరాపిన్, ఎఫవిరెంజ్‌లకు ఒక్క మార్పు చాలు. ఎంజైమ్‌లో 103వ స్థానంలోని లైసిన్ ఆస్పరజిన్‌గా మారితే రెండూ పనికిరాకుండా పోతాయి. లామివుడిన్‌కూ అంతే: 184వ స్థానంలో మెథియొనిన్ బదులు వాలిన్ వస్తే మందు పట్టు తప్పుతుంది. అయితే ఈ రెండో మార్పు వైరస్‌నూ కుంటుపరుస్తుంది, జిడోవుడిన్‌కు తిరిగి లొంగేలా చేస్తుంది. అందుకే లామివుడిన్‌కు లొంగని రకం కనిపించినా వైద్యులు కొన్నిసార్లు దాన్ని మందుల కూర్పులోనే ఉంచుతారు.

మాత్రలు క్రమం తప్పితే రక్తంలో మందు పలచబడుతుంది. వైరస్‌ను పూర్తిగా ఆపలేని, అలాగని వదిలేయని ఆ మధ్యస్థితి లొంగని రకాలకు వాటం. అందుకే మన దేశంలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్ చికిత్స) కేంద్రానికి వచ్చే రోగి చికిత్స వివరాలు రాసే ఆకుపచ్చ పుస్తకంతో పాటు మందు సీసాను కూడా తెచ్చుకోవాలి. ఫార్మసిస్టు సీసాలో మిగిలిన మాత్రలను లెక్కపెట్టి, ఇచ్చినవెన్ని, గడిచిన రోజులెన్ని, మిగలాల్సినవెన్ని అని చూసి శాతం రాస్తారు. 95 శాతానికి తగ్గితే కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఊరెళ్లామనో, పనిచేసేచోట సీసా బయటికి తీయడానికి సిగ్గుపడ్డామనో, ఇంట్లో తెలియకూడదనో చెప్పే కారణాలు అక్కడే బయటపడతాయి.

దుష్ప్రభావాలు

నకిలీ అక్షరాలు వైరస్ ఎంజైమ్‌ను మోసగించినట్టే ఒక్కోసారి మన ఎంజైములనూ మోసగిస్తాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. దాన్ని నకలు చేసే పాలిమరేజ్ గామా అనే ఎంజైమ్ పాత తరం మందులను పసిగట్టలేకపోయింది. స్టావుడిన్ వాడినవారికి కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కి మండేవి, బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం పీక్కుపోయేది. మందుతో బతికినవాళ్లను ఆ ముఖమే నలుగురికీ పట్టించేది. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం ప్రాణాపాయం కూడా. చవకగా దొరికిన స్టావుడిన్‌ను క్రమంగా ఆపేయమని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

జిడోవుడిన్ రక్తహీనత తెస్తుంది. డైడానోసిన్‌తో క్లోమం వాచేది. నెవిరాపిన్‌తో దద్దుర్లు, కాలేయ సమస్యలు వస్తాయి. అందుకే మొదటి 14 రోజులు సగం మోతాదుతో మొదలుపెడతారు. ఎఫవిరెంజ్ తల తిప్పుతుంది, విచిత్రమైన కలలు తెస్తుంది కాబట్టి పడుకునే ముందు వేసుకోమంటారు. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ కొందరిలో మూత్రపిండాలను, ఎముకలను బలహీనపరుస్తుంది. అబకవిర్ విషయంలో హెచ్‌ఎల్‌ఏ బి 57:01 అనే జన్యు రకం ఉన్నవారికే తీవ్రమైన అలర్జీ వస్తుందని తేలింది. మందుకు ముందు ఆ పరీక్ష చేస్తే ప్రమాదాన్ని తప్పించవచ్చని 2008లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చూపాయి. జన్యు పరీక్ష చూసి మందు రాయడానికి ఇది పేరుపడ్డ ఉదాహరణ.

క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ నెవిరాపిన్‌ను రక్తంలో పలచన చేస్తుంది. క్షయ, హెచ్‌ఐవీ కలిసి ఉండే భారతదేశంలో ఇది చిన్న సంగతి కాదు. అలాంటివారికి చాలా కాలం ఎఫవిరెంజ్ ఇచ్చేవారు.

నేటి హెచ్‌ఐవీ చికిత్సలో స్థానం

ఈనాడు ఎక్కువ దేశాల్లో తొలి చికిత్స టీఎల్‌డీ అనే ఒకే మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. మూడోది ఇంటిగ్రేజ్ నిరోధకం. ఎఫవిరెంజ్ స్థానాన్ని అది తీసుకుంది. మొదటి రెండూ మాత్రం రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నిరోధకాలే. కొత్త వర్గాలు ఎన్ని వచ్చినా మందుల కూర్పుకు వెన్నెముకగా ఈ జంటలే నిలిచాయి. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో 3.99 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుండగా 3.07 కోట్ల మంది చికిత్స పొందుతున్నారు.

చికిత్సతో రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గుతుంది. ఆ స్థితిలో ఉన్న వ్యక్తి నుంచి లైంగికంగా జీవన భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. అయినా మాత్రలు మానేస్తే కొన్ని వారాల్లో వైరస్ తిరిగి పైకి లేస్తుంది. మందు మొదలయ్యేలోపే కొన్ని కణాల జన్యువుల్లో అతుక్కుని, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న వైరస్ డీఎన్‌ఏయే దీనికి కారణం. రాతను ఆపే మందుకు అప్పటికే రాసి ఉన్నది అందదు.

నివారణ

వైరస్ డీఎన్‌ఏ కణంలో ఇంకా రాయబడనప్పుడు ఈ మందుల బలం పూర్తిగా కనిపిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి, ప్రసవ సమయంలో తల్లికి, పుట్టిన బిడ్డకు జిడోవుడిన్ ఇస్తే బిడ్డకు సోకే అవకాశం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడిపోతుందని 1994లో అమెరికా, ఫ్రాన్స్‌ల్లో జరిగిన ప్రయోగం చూపింది. 1999లో ఉగాండాలో ప్రసవ వేళ తల్లికి ఒక నెవిరాపిన్ మాత్ర, బిడ్డకు ఒక మోతాదు సిరప్ ఇచ్చి మంచి ఫలితం సాధించారు. పేద దేశాల ప్రసూతి ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి సాగింది ఈ పద్ధతే. ఆ ఒక్క మాత్రకే తల్లిలో లొంగని రకం పుట్టే అవకాశం ఉండడంతో, తర్వాత హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం మూడు మందుల చికిత్స ఇచ్చే విధానం వచ్చింది.

సూది గుచ్చుకున్న నర్సుకు, లైంగిక దాడికి గురైనవారికి 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

సోకే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ముందే రోజూ టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిపిన మాత్ర వేసుకునే పద్ధతిని ప్రెప్ అంటారు. 2010లో వెలువడిన ఐప్రెక్స్ ప్రయోగంలో సోకే అవకాశం మొత్తం మీద 44 శాతం తగ్గింది; రక్తంలో మందు ఉన్నట్టు తేలినవారిలో రక్షణ అంతకంటే చాలా ఎక్కువ. ఈ వాడకానికి అమెరికా అనుమతించిన రోజు 2012 జులై 16. టెనోఫోవిర్ కుటుంబపు అణువులను సృష్టించిన ఆంటోనిన్ హోలీ ప్రాగ్‌లో కన్నుమూసిందీ ఆ రోజే.

స్త్రీలు తమ చేతుల్లో ఉంచుకోగల సాధనంగా డాపివిరిన్ అనే న్యూక్లియోసైడ్ కాని మందుతో యోని ఉంగరం వచ్చింది. దాన్ని అదనపు మార్గంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.

హెపటైటిస్ బి

హెపటైటిస్ బి వైరస్ డీఎన్‌ఏ వైరస్. రెట్రోవైరస్ కాదు. అయినా తన డీఎన్‌ఏ నుంచి ముందు ఆర్‌ఎన్‌ఏను తీసి, దాని నుంచి తిరిగి డీఎన్‌ఏను రాసుకుంటుంది. ఈ చుట్టుదారిని జెస్సీ సమ్మర్స్, విలియం మేసన్ 1982లో బాతుల కాలేయ వైరస్‌లో కనుగొన్నారు. దాంతో హెచ్‌ఐవీ మందులే కాలేయానికీ పనికొచ్చాయి. ప్రపంచంలో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారు 2022లో 25.4 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏళ్ల తరబడి లక్షణాలు లేకుండా సాగి, చివరకు కాలేయం గట్టిపడడం, కాలేయ క్యాన్సర్‌ల దాకా తీసుకుపోయే జబ్బు ఇది.

లామివుడిన్ 1998లో, అడెఫోవిర్ 2002లో, ఎంటెకవిర్ 2005లో, టెల్బివుడిన్ 2006లో, టెనోఫోవిర్ 2008లో ఈ జబ్బుకు అనుమతి పొందాయి. అడెఫోవిర్ కథ చెప్పుకోదగ్గది. హెచ్‌ఐవీకి రోజుకు 120 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని ఆ ప్రయత్నం ఆగిపోయింది. హెపటైటిస్ బికి 10 మిల్లీగ్రాములే చాలు కాబట్టి అదే అణువు వేరే తలుపు నుంచి లోపలికి వచ్చింది. లామివుడిన్‌కు వైరస్ త్వరగా అలవాటుపడుతుంది. అందుకని ఇప్పుడు ఎంటెకవిర్, టెనోఫోవిర్‌లకే ప్రాధాన్యం.

ఇక్కడా పాత పరిమితే. వైరస్ కాలేయ కణం కేంద్రకంలో మూసిన వలయంలా ఒక డీఎన్‌ఏను దాచి ఉంచుతుంది. మందు దాన్ని ముట్టుకోలేదు. చెప్పాపెట్టకుండా మందు ఆపితే జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టి, కాలేయం విఫలమయ్యే ప్రమాదం ఉంది. కామెర్లు తగ్గాయి కదా అని నాటుమందుకు మళ్లి మాత్రలు మానేయడం ఇందుకే ప్రమాదకరం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రెండూ ఉన్నవారికి ఎంటెకవిర్ ఒక్కటే ఇవ్వకూడదు. హెచ్‌ఐవీలో లామివుడిన్‌కు లొంగని మార్పు దానితో పుడుతుంది. టెనోఫోవిర్, లామివుడిన్ జంట రెండు వైరస్‌లకూ పనిచేస్తుంది. భారతదేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ చికిత్స ఉచితం.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బిలకు ఆవల

జపాన్, కరీబియన్ దీవుల వంటి చోట్ల కనిపించే హెచ్‌టీఎల్‌వీ 1 అనే మరో రెట్రోవైరస్ కొందరిలో టీ కణాల రక్త క్యాన్సర్‌కు కారణమవుతుంది. దానికి జిడోవుడిన్, ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా కలిపి ఇచ్చే చికిత్స 1995 నుంచి ఉంది.

మన సొంత జన్యువుల్లోనూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఉంది. మానవ డీఎన్‌ఏలో సుమారు 17 శాతం లైన్ 1 అనే పునరావృత భాగాలదే. పరిణామ క్రమంలో తమను తాము నకలు చేసుకుంటూ ఒక చోటి నుంచి మరో చోటికి దూకిన ముక్కలివి. ఎక్కువ భాగం చచ్చుబడినా, దాదాపు వంద ఇంకా ఆ ఎంజైమ్‌ను తయారుచేయగలవు. వయసు మీదపడ్డ కణాల్లో వీటి మీది అదుపు సడలి, కణం ద్రవంలో డీఎన్‌ఏ తునకలు పోగవుతాయి. వాటిని బయటి వైరస్‌గా భ్రమించి రోగనిరోధక వ్యవస్థ వాపును రేపుతుంది. ముసలి ఎలుకలకు లామివుడిన్ ఇస్తే ఆ వాపు తగ్గిందని 2019లో నేచర్ ప్రచురించిన పరిశోధన తెలిపింది.

ఐకార్డి గూటియేర్ సిండ్రోమ్ పసిపిల్లల మెదడును దెబ్బతీసే అరుదైన జన్యు వ్యాధి. సొంత న్యూక్లియిక్ ఆమ్లాలనే శత్రువుగా చూసి శరీరం ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రొటీన్‌ను అదే పనిగా తయారుచేయడం దీని మూలం. అబకవిర్, లామివుడిన్, జిడోవుడిన్ కలిపి కొద్దిమంది పిల్లలకు ఇచ్చిన ప్రయోగంలో ఇంటర్‌ఫెరాన్ సంకేతం తగ్గిందని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రకటించారు. జబ్బు నయమైందని దాని అర్థం కాదు. ఆ దిశలో ఒక దారి కనిపించింది. కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలో, మతిమరుపు వ్యాధుల్లో కూడా ఇదే ఊహతో చిన్న ప్రయోగాలు జరిగాయి.

న్యూక్లియోసైడ్ మందులకు రాతను ఆపడంతో సంబంధం లేని మరో గుణం కూడా బయటపడింది. కణంలో వాపును రగిలించే ఇన్‌ఫ్లమసోమ్ అనే వ్యవస్థను అవి అణచగలవని 2014లో జయకృష్ణ అంబటి బృందం సైన్స్ పత్రికలో చూపింది. వృద్ధుల్లో చూపును హరించే మాక్యులా క్షీణతకు ఎలుకల నమూనాల్లో ఇది మేలు చేసింది. ఎంజైమ్‌ను తాకకుండా వాపును మాత్రం అణచే మార్పు చేసిన అణువుల తయారీకి ఈ పరిశోధన బాట వేసింది. ఈ కొత్త ఉపయోగాలేవీ ఇంకా మామూలు చికిత్సలోకి రాలేదు.

తయారీ, ధర, తెలుగు నేల

ఈ మందుల ధర పడిపోయిన కథలో హైదరాబాద్‌కు ముఖ్యమైన చోటు ఉంది. 1990ల ఆరంభంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ సంచాలకుడుగా ఉన్న, గుంటూరు బిడ్డ ఏవీ రామారావు జిడోవుడిన్‌ను చౌకగా తయారుచేసే పద్ధతిని రూపొందించారు. అప్పటి భారత పేటెంట్ చట్టం మందు మీద హక్కు ఇచ్చేది కాదు, తయారీ పద్ధతి మీదే ఇచ్చేది. కాబట్టి వేరే దారిలో అదే అణువును చేయడం చట్టబద్ధమే. సిప్లా 1993లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ ధరతో పోలిస్తే చాలా చవకైనా మామూలు కుటుంబానికి అదీ అందుబాటులో లేదు.

2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ కలిపిన చికిత్సను సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించాడు. అప్పటి బహుళజాతి కంపెనీల ధర 10,000 డాలర్ల పైన. మూడు కంపెనీల చేతుల్లో మూడు పేటెంట్లుగా ఉన్న మందులను ఒకే మాత్రలో కలపడం ఆ రోజుల్లో మన దేశంలోనే సాధ్యమైంది. 2005లో పేటెంట్ చట్టం మారి మందుకే హక్కు వచ్చినా, అప్పటికే ఉన్న మందుల తయారీ సాగింది. 2010లో ఏర్పడిన, పేటెంట్ లైసెన్సులు సమకూర్చే మెడిసిన్స్ పేటెంట్ పూల్ ద్వారా కొత్త మందులకూ అనుమతులు దొరికాయి.

హెటిరో, అరబిందో, లారస్ ల్యాబ్స్, తర్వాత మైలాన్ చేతికి వెళ్లిన మాట్రిక్స్ వంటి హైదరాబాద్ కంపెనీలు ఈ మందుల ముడిసరుకును, మాత్రలను ప్రపంచానికి పంపాయి. విశాఖ దగ్గరి పరవాడ, అనకాపల్లి జిల్లాలోని నక్కపల్లి ప్రాంతాల కర్మాగారాలకు కూడా ఇందులో భాగం ఉంది. ఆఫ్రికా దేశాల్లో రోజూ మింగే మాత్రల్లో చెప్పుకోదగ్గ భాగం ఈ నేల మీద పుట్టినదే. టీఎల్‌డీ ధర 2017లో మనిషికి ఏడాదికి 75 డాలర్లకు, 2023లో గ్లోబల్ ఫండ్ ద్వారా 45 డాలర్ల లోపుకు దిగింది. తొలి జిడోవుడిన్ ధరలో ఇది నూట డెబ్బయ్యో వంతు కన్నా తక్కువ.

దేశంలో ఉచిత ఏఆర్‌టీ కార్యక్రమం 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలైంది. వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట సీడీ4 కణాలు బాగా పడిపోయినవారికే మందులిచ్చేవారు. సోకిందని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స అన్న విధానం 2017లో వచ్చింది. అదే ఏడాది ఆమోదం పొంది 2018 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్షను నిషేధించింది. 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షల మంది.

పరిమితులు, ముందున్న దారి

రోజూ మాత్ర వేసుకోవడమే ఈ చికిత్సలో అసలు భారం. దాన్ని తగ్గించే ప్రయత్నాల్లో నెలకో, రెండు నెలలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి. రిల్పివిరిన్‌ను ఇంటిగ్రేజ్ నిరోధకం కాబోటెగ్రావిర్‌తో కలిపి ఇచ్చే ఈ చికిత్సకు అమెరికా 2021లో అనుమతించింది. కణాల్లో దాగిన వైరస్ డీఎన్‌ఏను కత్తిరించి తీసేయడం, దాన్ని నిద్రలేపి రోగనిరోధక వ్యవస్థకు పట్టివ్వడం, శాశ్వతంగా నిద్రపుచ్చడం అనే మూడు దారుల్లో పరిశోధన నడుస్తోంది. వాటిలో ఏదైనా ఫలించేదాకా ఏఆర్‌టీ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లే మనిషి చేతిసంచిలో నెలకు సరిపడా సీసా ఉండాల్సిందే. కణాల్లో దాగిన పాత రాత ఆ మాత్రలకు చెదరదు. కొత్త రాత మొదలుకాకుండా చూడడానికే మర్నాటి మాత్ర.